కోదండరామయ్య గారి రైటు మార్కు

ఆ మంగళవారం పొద్దున కోదండరామయ్య మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బందరులో అవనిగడ్డ మీదుగా పోయే బస్సు ఎక్కాలి, మోపిదేవి దాకా నిలబడాలి, అక్కడ గుడికొచ్చిన భక్తులందరూ దిగిపోయాక కిటికీ పక్కన కూర్చోవాలి, కూర్చుని తొమ్మిదో తరగతి పిల్లలు వాట్సాప్‌లో పెట్టిన హోంవర్కు దిద్దాలి. అంతకన్నా పెద్ద పథకాలు వేసుకోవడం ఆయన ఎప్పుడో మానేశారు. వేసుకున్నవి ఒక్కటీ అయిన పాపాన పోలేదు.

వారంగా ముసురు. వాన గట్టిగా కురిసి పోదు, ఎండ కాయదు. బస్సులో తడి గొడుగుల వాసన. మోపిదేవిలో సీటు దొరికింది గానీ అదీ తడిసే ఉంది. మాస్టారు దాని మీద చేతిరుమాలు పరుచుకుని, దాని మీద నిట్టూర్చుకుంటూ కూర్చున్నారు.

ఆయనకి దిద్దే జబ్బుంది. కంటబడ్డదాన్ని దిద్దకుండా వదలలేరు. పెళ్ళి శుభలేఖ ఇస్తే తప్పులు దిద్ది అక్షింతలతో పాటు తిరిగిచ్చిన మనిషి. భార్య ఉన్నరోజుల్లో ఆవిడ ఫోన్లో సరుకులు రాసి పంపితే, పక్కన రైటు మార్కు పెట్టి "బాగుంది" అని పంపేవారు. సరుకులు మాత్రం తెచ్చేవారు కాదు. ఆవిడ పోయాక ఇంట్లో దిద్దడానికి ఏమీ మిగలలేదు. ఉన్న జబ్బంతా బడి మీదే పడింది.

ఆ బడి గుల్లలదిబ్బలో ఉంది. అవనిగడ్డ దాటి, రోడ్డు సన్నబడి సన్నబడి ఇంక సముద్రమే గతి అనుకునే చోట ఉంటుంది ఆ ఊరు. బడికంటూ వేరే భవనం లేదు. ఉప్పెన తర్వాత కట్టిన తుపాను షెల్టరే బడి. కింద స్తంభాలు, పైన గదులు. తుపానొస్తే ఊరు ఎక్కుతుంది, రాకపోతే పిల్లలు ఎక్కుతారు. ఆ ఎక్కే పిల్లలు ఏటికేడాదీ తగ్గిపోతున్నారు. పొలాలు రొయ్యల చెరువులయ్యాయి, కూలి కుటుంబాలు గుడివాడ వైపు పోయాయి, డబ్బున్నవాళ్ళు అవనిగడ్డ కాన్వెంటు బస్సు ఎక్కించేస్తున్నారు. ఇంకేముంది, ఈ బడిని డ్రెయిను కాలువ అవతల ఊరి హైస్కూల్లో కలిపేద్దామా అని పైవాళ్ళకి ఆలోచన వచ్చింది. ఎంఈఓ రాజబాబు గారు స్వయంగా వచ్చి చూసి నివేదిక రాస్తారట. ఆ రావడం ఈ మంగళవారమే.

కలిపేస్తే మగపిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటూ పోతారు. ఆడపిల్లలే ఆగిపోతారు. తొమ్మిదో తరగతి రజని తండ్రి శోభనాద్రి మొహమాటం లేకుండా చెప్పేశాడు. "డ్రెయిను గట్టు మీద అంత దూరం ఆడపిల్లని పంపనండి మాస్టారూ. ఇక్కడుంటే చదువుతాది, లేపోతే రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోతాది." మాస్టారి సర్వీసులో మ్యాపు చూడకుండానే ఖండాలన్నీ చెప్పిన పిల్ల రజని ఒక్కతే. ఆ పిల్ల రొయ్యలు ఒలవడం తలుచుకుంటే మాస్టారికి అన్నం సయించదు.

"ఏదో ఒక కొత్తదనం చూపించాలి మాస్టారూ," అన్నారు హెడ్మిస్ట్రెస్ మెహజబీన్ గారు. ఆవిడదీ బందరే. "సోషల్ మీడియాలో పాఠాలు చెప్తున్నామంటే పైవాళ్ళకి ఇష్టం. మీ తొమ్మిదో తరగతి గ్రూపు చూపిద్దాం. అందులో ఏదన్నా ఉంచండి మరి, గుడ్ మార్నింగులు కాకుండా."

అందుకని మాస్టారు విపత్తుల పాఠం చెప్పి, క్లాసులో నోటిమాటగా హోంవర్కు ఇచ్చారు: మన ఊరికి తుపానొస్తే హెచ్చరిక ఎలా చెప్పాలో తయారుచేసి గ్రూపులో పెట్టండి. పిల్లలకి సొంత ఫోన్లు లేవు. గ్రూపులో ఉన్నవన్నీ అమ్మానాన్నల నంబర్లే. పాఠం పిల్లలది, ఫోను పెద్దలది. ఇందులో ప్రమాదం ఉందని ఎవరికీ తోచలేదు.

బస్సు పులిగడ్డ దాటుతుండగా మాస్టారు దిద్దడం మొదలుపెట్టారు. ఒకడు సుడిగాలి బొమ్మ వేశాడు. అది జంతికలా ఉంది. నాగవంశీ అనేవాడు ఎక్కణ్ణుంచో దించుకొచ్చిన హెచ్చరికలో ఫ్లోరిడా ప్రజలు జాగ్రత్తగా ఉండాలని ఉంది. "మనది ఏ జిల్లా?" అని రాశారు. తర్వాత తెల్లవారుజామున రజని పెట్టిన వాయిస్ మెసేజి వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"గుల్లలదిబ్బ గ్రామ ప్రజలకు ముఖ్య గమనిక! బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర తుపాను ఈ సాయంత్రం మన తీరం దాటే అవకాశం ఉన్నది. ప్రజలందరూ తక్షణమే తుపాను షెల్టరుకు చేరుకోవలెను. పశువుల పలుపులు విప్పి వదలవలెను. వేటకు వెళ్ళినవారు వెంటనే ఒడ్డుకు రావలెను. ఇట్లు, గ్రామ పంచాయతీ."

అది రజని గొంతు కాదు, శోభనాద్రిది. పంచాయతీ తరఫున ఆటోకి మైకు కట్టుకుని కరెంటు కోత దగ్గర్నుంచి పోలియో చుక్కల దాకా ఊరికి చెప్పేది అతనే. కూతురికి మార్కులు రావాలని తెల్లవారకముందే లేచి, గొంతు సవరించుకుని, డ్యూటీలో చెప్పినట్టే చెప్పాడు పాపం. తండ్రి చేసిన హోంవర్కని మాస్టారికి తెలిసింది. అయినా పొరపాటు ఒక్కటి లేదు. ఆయన ప్రాణం లేచొచ్చింది. దాని కింద పచ్చటి రైటు మార్కు పెట్టి, ఎన్నడూ లేనిది మూడు వాక్యాలు రాశారు: "చాలా బాగుంది. ఒక్క తప్పు కూడా లేదు. అందరూ దీన్నే అనుసరించాలి."

మిగతా పిల్లలు కూడా ఇలాగే రాయాలని ఆయన ఉద్దేశం. ఆ తర్వాత సిగ్నలు పోయింది.

ఊళ్ళోకి తిరిగే మలుపు దగ్గర బస్సు దిగితే, రోజూ ఎక్కించుకెళ్ళే నాగుల్ మీరా ఆటో ఆలస్యంగా వచ్చింది. వెనక సీట్లో వాళ్ళమ్మ, ఆమె ఒళ్ళో గంపకింద రెండు కోళ్ళు, కాళ్ళ దగ్గర గ్యాసు బండ, పైన చుట్టిన పరుపు.

"ఇల్లు మారుతున్నావా మీరా?"

"ఇల్లేంటి మాస్టారూ, తుపానొస్తంటే! మీరు చెప్పబట్టి అమ్మని కోడూరు నుంచి ముందే తెచ్చేసుకున్నా. ఎక్కండి, బండ మీద కూచోండి."

"నేనా? నేనేం చెప్పాను?"

"అదేంటండీ, రైటు కొట్టారుగా! శోభనాద్రి వాయిస్ ఒక్కటే అయితే, పంచాయతీవాళ్ళు రోజూ ఏదోటి చెప్పిస్తానే ఉంటారులే అనుకునేవాణ్ణి. కింద మీ రైటు చూశాక ఇంక ఆగలేదండీ. ఒక్క తప్పు కూడా లేదని మీరే రాశారు."

మాస్టారు గ్యాసు బండ మీద కూర్చున్నవారల్లా లేవబోయారు. "ఓరి నాయనోయ్, అది హోంవర్కురా!" అన్నారు. వెనకనుంచి మీరా వాళ్ళమ్మ దువా చదువుకుంటోంది. కోళ్ళు అరుస్తున్నాయి. ఆయన మాట ఎవరికీ వినిపించలేదు.

షెల్టరు చేరేసరికి మెట్ల మీద కాలుపెట్టే సందు లేదు. మేకలు, బియ్యం మూటలు, టీవీలు, ఒక కుట్టుమిషను. గ్రూపులో ఓ పిల్లాడి తల్లి ఆ వాయిస్‌ని డ్వాక్రా గ్రూపుకి పంపిందట. డ్వాక్రా నుంచి పడవలవాళ్ళ గ్రూపుకి, అక్కణ్ణుంచి కోడూరు, నాగాయలంక బంధువులందరికీ పోయింది. వాయిస్‌తో పాటు మాస్టారి రైటు మార్కుని ఫొటో తీసి మరీ పంపుకున్నారు. పిల్లలు మాత్రం "అది మా హోంవర్కండీ" అని మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నారు. తుపానప్పుడు పిల్లల మాట వినేదెవరు?

మెహజబీన్ గారు వరండాలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. "మాస్టారూ, మీరు చూపిస్తానన్న కొత్తదనం ఇదేనా?"

"నా ఖర్మ మేడమ్," అన్నారు మాస్టారు, నిజంగానే కళ్ళనీళ్ళు తిరుగుతుండగా. "ఎంఈఓ గారు వచ్చేలోగా సర్దేస్తాను."

మేడ మీద ట్యాంకు పక్కన నిలబడితే సిగ్నలు తగిలింది. ముందు ఆ వాయిస్ మెసేజిని గ్రూపులోంచి తీసేశారు. తీసేసినచోట, అడ్మిన్ తొలగించాడని ఫోను దానంతటదే రాసి పెట్టింది. కింద వరండాలో గుసగుస బయల్దేరింది. "చూశావా, పైనుంచి ఒత్తిడొచ్చింది. జనం గాభరా పడతారని తీయించేశారు."

మాస్టారు కంగారుగా టైపు చేశారు: "తుపాను లేదు. ఎవరూ భయపడవద్దు."

"భయపడొద్దంటున్నారంటే గట్టిదే వస్తందన్నమాట," అన్నాడు నాగుల్ మీరా, గ్యాసు బండని ఇంకో మెట్టు పైకి ఎక్కిస్తూ.

గ్రూపులో ప్రశ్నలు, ఏడుపు బొమ్మలు, దేవుడి పటాలు వరదలా వచ్చిపడ్డాయి. తను రాసింది ఎక్కడో పైకి కొట్టుకుపోయింది. ఇంక లాభం లేదని, ఎవరూ ఏమీ పెట్టకుండా గ్రూపుకి తాళం వేశారు మాస్టారు. అంతే, కిందనుంచి ఒక్కసారిగా గోల లేచింది. ఫోన్లు పనిచెయ్యట్లేదని, టవర్లు పడిపోయాయని, అంటే నాగాయలంక ఈపాటికి మునిగే ఉంటుందని!

మిగిలిన దారి ఒక్కటే. శోభనాద్రి చేతనే మళ్ళీ చెప్పించాలి. వెతికితే అతను ఆరో తరగతి గదిలో, మైకుసెట్టుకి పాలిథిన్ సంచి చుడుతూ దొరికాడు.

"శోభనాద్రీ! నీకు తెలుసు కదయ్యా అది మీ అమ్మాయి హోంవర్కని. కిందకి దిగి తుపాను లేదని మైకులో చెప్పు, నీకు దండం పెడతాను."

"నేను చదివింది హోంవర్కేనండి, కాదనను," అన్నాడు శోభనాద్రి గొంతు తగ్గించి. "కానీ ఇది చూడండి. కోడూరు నుంచి మా బావమరిది పంపాడు. ఇది నిజందండి."

మాస్టారు విన్నారు. గుల్లలదిబ్బ గ్రామ ప్రజలకు ముఖ్య గమనిక అంటూ అదే గొంతు.

"ఇది నీ గొంతేనయ్యా!"

"నాలాగే చెప్తున్నాడండి ఎవడో. బాగా చెప్పాడు కూడాను," అని శోభనాద్రి తాడు బిగించాడు. తన గొంతు తనే ఎప్పుడూ వినలేదు పాపం. వినిపించడమే గానీ.

మాస్టారు ఓడిపోయి తొమ్మిదో తరగతి గదిలోకి వచ్చారు. రజని కూర్చునే బెంచీ మీద సౌభాగ్యమ్మ ఉంది. ఉప్పెనలో మొగుణ్ణీ ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుని, తాడిచెట్టు పట్టుకుని తను ఒక్కతే మిగిలిన మనిషి. షెల్టరు కట్టినప్పట్నుంచీ ఎన్ని తుపాన్లొచ్చినా ఈ మెట్లెక్కలేదు. ఎవరెంత బతిమాలినా, ఎక్కించుకోవాల్సినవాళ్ళు పోయాక నేనెక్కి ఏం చేస్తాననేది. ఇవాళ చిన్న గుడ్డమూట ఒళ్ళో పెట్టుకుని, బల్ల మీద చేతులు పెట్టుకుని, బడికొచ్చిన పిల్లలాగా బుద్ధిగా కూర్చుంది.

ఆవిడనైనా ఆ భ్రమలో ఉంచలేకపోయారు మాస్టారు. నేల మీద కూలబడి, "తప్పయిపోయిందమ్మా. తుపానేం లేదు. పిల్లలకిచ్చిన హోంవర్కు," అన్నారు.

"తెలుసు నాయనా. మెట్లెక్కుతున్నప్పుడే శోభనాద్రి కూతురు చెప్పింది."

"మరి ఈ మోకాళ్ళతో ఎందుకెక్కావమ్మా?"

"అప్పుడు రమ్మని చెప్పినవాడు లేడు," అంది సౌభాగ్యమ్మ. "ఇంతకాలానికి ఒకడు రమ్మన్నాడు. ఉత్తిదే అయితే మాత్రం, రాకుండా ఎట్టా ఉంటాను?"

మాస్టారు ఆవిడ పక్కనే, ఆ నేల మీదే, పిల్లాడిలా ఏడ్చేశారు. ఆ ఏడుపు ఆవిడ కోసమో, రజని కోసమో, సరుకుల మెసేజిల కోసమో ఆయనకే తెలియలేదు. ఆవిడ మూటలోంచి అరిసెముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది.

సరిగ్గా ఆ సమయంలో ఎంఈఓ రాజబాబు గారు మేకల్ని తప్పించుకుంటూ మెట్లెక్కి వచ్చారు. గదిలో బెంచీ మీద ముసలమ్మ, నేల మీద అరిసె తింటూ ఏడుస్తున్న ఉపాధ్యాయుడు, గోడవారగా గ్యాసు బండలు. ఆయన ఒక్కొక్కటీ కళ్ళతో లెక్కపెట్టుకున్నారు.

"హాజరు బాగానే ఉందే," అన్నారు చివరికి. "ఏంటండీ ఇదంతా?"

మెహజబీన్ గారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. రాజబాబు గారి మొహం నల్లబడింది. "అంటే ఒక స్కూలు వాట్సాప్ గ్రూపు వల్ల ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయా? ఇంక కలపడం కాదండీ, మీ ఇద్దర్నీ సస్పెండు..." అంటుండగా ఆయన ఫోను మోగింది. తహసీల్దారు గారు. అవతల కేకలు వరండా దాకా వినబడుతున్నాయి: ఎవరిచ్చారు ఈ ఆర్డరు, కలెక్టరాఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు, అక్కడ బాధ్యులెవరున్నారు?

రాజబాబు గారు అటూ ఇటూ చూశారు. బాధ్యత గల అధికారి ఎంత వెతికినా ఆయన ఒక్కరే కనిపించారు. చెమట తుడుచుకుని, నిటారుగా నిలబడి, "సార్... మాక్ డ్రిల్లు సార్! విద్యాశాఖ తరఫున. ముందే అనుకున్నది సార్. జనం బ్రహ్మాండంగా సహకరించారు సార్," అన్నారు.

అవతల కేకలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఎంఈఓ గారు నవ్వడం, సౌభాగ్యమ్మ పక్కన కూర్చుని ఫొటో దిగడం, దాన్ని శాఖ గ్రూపులో పెట్టడం, పైనుంచి వరసగా బొటనవేళ్ళు రావడం, అన్నీ అరిసె పూర్తయ్యేలోగా జరిగిపోయాయి.

సాయంత్రానికి చినుకు కూడా పడలేదు. జనం మూటలు దింపుకుంటూ మాస్టార్ని తిట్టాల్సినన్ని తిట్లూ తిట్టారు. వేట మధ్యలో వలలు వదిలేసి వచ్చిన వెంకటపతి అయితే ఆయన తాతముత్తాతల్ని కూడా వదిలిపెట్టలేదు. మాస్టారు తలొంచుకుని అన్నీ విన్నారు. బడి నిలబడుతుందేమోనన్న ఆశ ఒక్కటే ఆయన్ని నిలబెట్టింది. అంత పొగిడి వెళ్ళినవాళ్ళు కలిపేస్తారా ఎక్కడన్నా?

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. మెహజబీన్ గారు దాన్ని గ్రూపులో పెట్టారు. అత్యవసర సమయంలో ఆ భవనం తుపాను షెల్టరుగా ఎంతో సమర్థంగా ఉపయోగపడిందని ఇటీవలి మాక్ డ్రిల్లులో రుజువైందట. అటువంటి భవనంలో బెంచీలూ నల్లబల్లలూ ఉండటం ప్రజల ప్రాణాలకి అడ్డంకట. కాబట్టి సోమవారం నుంచి బడిని డ్రెయిను అవతలకి తరలించి, భవనాన్ని ఖాళీగా, సిద్ధంగా ఉంచవలెనట.

మాస్టారు ఆ ఉత్తర్వుని బస్సులో చదివారు. అక్షరదోషం ఒక్కటి లేదు. అలవాటుగా బొటనవేలు రైటు మార్కు మీదకి పోయింది. రజని గుర్తొచ్చి, వేలు వెనక్కి తీసుకున్నారు. ఫోను జేబులో పెట్టుకుని ముసురులోకి చూస్తూ కూర్చున్నారు.

ఆదివారమంతా శోభనాద్రి ఆటోలో తిరుగుతూ మైకులో చెప్పాడు. "గుల్లలదిబ్బ గ్రామ ప్రజలకు ముఖ్య గమనిక! రేపటి నుంచి మన ఊరి పాఠశాల..." అంటూ అదే గొంతుతో, అదే శ్రద్ధతో. ఎవరూ గడప దాటి చూడలేదు.

సోమవారం పొద్దున మాస్టారు బల్లలు లారీకెక్కించడానికని, కర్మ చేయించడానికి వెళ్తున్నవాడిలా వెళ్ళారు. మెట్ల మీద చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. పైన గదుల్లో పిల్లలందరూ పుస్తకాలు తెరుచుకుని ఉన్నారు. ముందు బెంచీలో రజని ఉంది. ఒక్కరూ అవతల ఊరు పోలేదు.

శోభనాద్రి వరండాలోనే కనిపించాడు. "ఏమయ్యా, నువ్వే కదా నిన్నంతా చెప్పావు?"

"చెప్పానండి. చెప్పడం నా డ్యూటీ. మా ఇంట్లోనే నమ్మలేదండి."

"ఉత్తర్వు గ్రూపులో కూడా ఉంది కదా!"

"ఉందండి. ఊరంతా చూశారు. కానీ దాని కింద మీ రైటు లేదు కదండీ," అన్నాడు శోభనాద్రి. "ఒకసారి మిమ్మల్ని అడక్కుండా పరిగెత్తి దెబ్బ తిన్నాం, చాలు. ఇంక మీరు సరిగ్గా ఉందన్నాకనే ఏదైనా అని అందరూ అనుకున్నారు. లారీవాడిక్కూడా అదే చెప్పి పంపేశాం."

అంతలో రాజబాబు గారి ఫోను. "ఏవండీ, గ్రామస్థులకి తెలియపరిచారా లేదా?"

మాస్టారు గదిలోకి చూశారు. రజని నల్లబల్ల మీద తేదీ వేస్తోంది. సౌభాగ్యమ్మ ఆ ఉత్తుత్తి తుపాను రోజు నుంచీ పొద్దున్నే మెట్లెక్కడం అలవాటు చేసుకుంది. ఇప్పుడు చివరి బెంచీలో కునుకు తీస్తోంది. ఇదెన్నాళ్ళో సాగదని ఆయనకి తెలుసు. ఎవరో ఒకరు వస్తారు, కాగితం మీద ఇంకో కాగితం పెడతారు. ఆ దిగులు గుండెల్లో అలాగే ఉంది.

"తెలియపరిచామండీ," అన్నారు. "ఇంకా దిద్దలేదండీ."

ఎదురుగా శుభలేఖ కనిపిస్తే దిద్దకుండా ఊరుకోలేని కోదండరామయ్య మాస్టారు, ఆ ఉత్తర్వుని మాత్రం కాస్త తీరిక చూసుకుని దిద్దుతానంటున్నారు.